మిల్ లాక్స్ సరస్సులో పెద్ద మస్కీ: తొలి కాస్ట్ నుంచి మళ్లీ నీళ్లలో వదిలేదాకా

మస్కీ అనే పెద్ద చేప వేట మొదలుపెట్టిన రెండో వేసవిలో ఒక సాయంత్రం. మా బావమరిది పడవ ముందు వైపు, నేను వెనక వైపు నిలబడి లూర్లు (కొక్కేలున్న నకిలీ ఎరలు) విసురుతున్నాం. పొద్దున్నుంచీ ఒక్క చేపా కనబడలేదు. భుజాలు లాగేస్తున్నాయి. నా లూర్ పడవకు ఆరడుగుల దూరానికి వచ్చేసింది కదా అని పైకి లాగేశాను. "బావా, కింద చూడు!" అని అరిచాడు వాడు. లూర్ నీళ్లు వదిలిన చోటే ఒక తల ఆగి ఉంది. నాలుగడుగుల పైమాటే. ఎర ఎటు పోయిందా అన్నట్టు కాసేపు అక్కడే నిలిచి, నిదానంగా లోతులోకి దిగిపోయింది.

పెద్ద మస్కీలు చాలామందికి ఆ ఆరడుగుల నీళ్లలోనే చేజారతాయి. పట్టిన చేప చచ్చిపోయేదీ ఎక్కువగా వలలో పడిన తర్వాత ఆ మొదటి రెండు నిమిషాల్లోనే. అందుకే ఈ రెండింటి గురించి తీరిగ్గా చెబుతాను. మిగతావి ఎంత అవసరమో అంతే.

ఇక్కడ రాసిందంతా అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మిల్ లాక్స్ సరస్సును దృష్టిలో పెట్టుకుని రాసింది. మినియాపొలిస్ నుంచి ఉత్తరానికి దాదాపు 100 మైళ్లు. విస్తీర్ణం 200 చదరపు మైళ్లకు పైగా, లోతు మాత్రం ఎక్కడా 42 అడుగులు దాటదు. మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు, శనివారం తెల్లవారుజామున బయల్దేరితే ఎండ ఎక్కకముందే పడవ నీళ్లలో ఉంటుంది.

ముందు చేపను తెలుసుకోండి

మస్కీ పూర్తి పేరు మస్కెలంజ్. పైక్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది. ఆ పేరు ఈ నేల మీది ఒజిబ్వే ప్రజల భాష నుంచి వచ్చింది. గ్రేట్ లేక్స్, సెయింట్ లారెన్స్, ఎగువ మిసిసిపీ, ఒహాయో నదుల నీళ్లు దీని పుట్టిల్లు. ఉత్తర అమెరికా బయట సహజంగా ఎక్కడా ఉండదు.

మన కాలవల్లో, చెరువుల్లో కొర్రమీనుకు గాలం వేసినవాళ్లకు దీని స్వభావం సగం తెలిసినట్టే. నీటిమొక్కల నీడలో కదలకుండా పొంచి ఉండి, దగ్గరికి వచ్చినదాని మీద ఒక్కసారిగా దూకుతుంది. మిగతా సగం మాత్రం వేరు. కొర్రమీను చాలావరకు చూసిందంటే కొట్టేస్తుంది. మస్కీ వెంబడిస్తుంది. ముప్ఫై, నలభై అడుగులు లూర్ వెనకే వచ్చి, ముక్కు తగిలేంత దగ్గర నుంచి చూసి, అప్పుడు తేల్చుకుంటుంది. చాలాసార్లు వద్దనే తేల్చుకుంటుంది. ఇంగ్లిష్‌లో దీన్ని పదివేల కాస్ట్‌ల (విసుర్ల) చేప అంటారు. చేప దొరికినవాడి కన్నా దొరకనివాడికే ఆ మాట బాగా అర్థమవుతుంది.

పెద్దవన్నీ ఆడచేపలే. 50 అంగుళాలు దాటడానికి పదిహేనేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. మిల్ లాక్స్‌లో 1980ల నుంచి లీచ్ లేక్ వంశానికి చెందిన పిల్లలను వదులుతూ వచ్చారు, బాగా పెద్దగా ఎదిగే వంశం అది. సరస్సు సైజుతో పోలిస్తే చేపల సంఖ్య తక్కువ, తిండి ఎక్కువ. కాబట్టి ఇక్కడ రోజుకు నాలుగు చేపలు కనబడతాయని ఆశ పెట్టుకోకండి. కానీ కనబడినది మీరు జన్మలో చూసినవాటిలోకెల్లా పెద్దది కావచ్చు. మిన్నెసోటాలో తూకం వేసిన మస్కీలలో రికార్డు 1957 నుంచి 2021 దాకా విన్నీబిగోషిష్ సరస్సులో దొరికిన 54 పౌండ్ల చేపదే. దాన్ని 2021 నవంబరు 22న మిల్ లాక్స్‌లో పట్టిన చేప దాటింది: 57.75 అంగుళాలు, 55 పౌండ్ల 14.8 ఔన్సులు. దాన్ని వదిలేయాలనే చాలాసేపు ప్రయత్నించారు, తేరుకోకపోవడంతో తూకానికి తీసుకెళ్లారు. ఆ మరుసటి ఏడాది అదే సరస్సులో 58.25 అంగుళాల మస్కీని కొలిచి, బతికుండగానే వదిలి, కొలిచి వదిలే చేపల రికార్డు నెలకొల్పారు.

లైసెన్సు, నిబంధనలు

16 ఏళ్లు నిండినవారికి చేపల లైసెన్సు తప్పనిసరి. సీజన్ జూన్ మొదటి శనివారం మొదలవుతుంది. ఒక మనిషికి నీళ్లలో ఒకే లైన్. రాష్ట్రంలో చాలా సరస్సుల్లో 54 అంగుళాల లోపు మస్కీని ఉంచుకోకూడదు. మిల్ లాక్స్‌కు విడిగా ప్రత్యేక నిబంధనలు వస్తుంటాయి, అవి ఏటా మారతాయి కూడా. బయల్దేరే ముందు రాష్ట్ర సహజ వనరుల శాఖ ఆ ఏడాది పుస్తకం ఒకసారి చూసుకోండి.

పులుసు గురించి అడగని మనవాళ్లు ఉండరు కాబట్టి అదీ చెప్పేస్తాను. వద్దు. ఇన్నేళ్లు ఇతర చేపలను తిని బతికిన చేపలో పాదరసం పేరుకుంటుంది, ఒంటినిండా చీలిన ముళ్లు. అంతకన్నా ముఖ్యం, పదిహేనేళ్ల ఆడచేప ఒక పూట కూరలోకి పోతే ఆ సరస్సుకు పూడని లోటు. పులుసు కావాలంటే పెర్చ్, క్రాపీ లాంటి చిన్న చేపలు పట్టండి, రుచిలోనూ అవే మేలు.

సామాను

ఇక్కడ డబ్బు పెట్టాల్సిన చోట్లు రెండే: రాడ్, వల.

రాడ్ తొమ్మిది అడుగులది, హెవీ లేదా ఎక్స్‌ట్రా హెవీ తీసుకోండి. పొడుగెందుకో కింద ఫిగర్ ఎయిట్ (రాడ్ కొనతో ఎనిమిది అంకె గీయడం) దగ్గర తెలుస్తుంది. రీల్ 300 లేదా 400 సైజు బెయిట్‌కాస్టర్. లైన్ 80 నుంచి 100 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం). ముప్ఫై పౌండ్ల చేప కోసం కాదు ఈ మందం. అరకిలో దాకా తూగే లూర్‌ను విసిరేటప్పుడు రీల్ చిక్కు పడితే, పల్చటి లైన్ పుటుక్కున తెగుతుంది, లూర్ గాల్లోనే వెళ్లిపోతుంది. లైన్‌కీ లూర్‌కీ మధ్య లీడర్ (పళ్లకు తెగని గట్టి ముక్క) లేకుండా ఎప్పుడూ విసరకండి. 130 పౌండ్ల ఫ్లోరోకార్బన్, అడుగున్నర పొడవు చాలు. స్టీల్ లీడర్ అయినా సరే. ఆ పళ్లకు ఉట్టి బ్రెయిడ్ నూలుపోగుతో సమానం.

వల సంగతి. గుండ్రటి చిన్న వలతో వెళితే ఆ రోజు చేప చావుకు మీరే బాధ్యులు. లోతైన సంచీ, అడుగు బల్లపరుపుగా ఉండి, రబ్బరు పూత వేసిన పెద్ద మస్కీ వలే కావాలి. చేపను పడవలోకి ఎత్తకుండా నీళ్లలోనే ఉంచి కొక్కేలు తీయడానికి అది తొట్టిలా పనికొస్తుంది. దాంతోపాటు నాలుగు పనిముట్లు: అడుగు పొడవున్న ముక్కు పట్టకారు, కొక్కెం కోసే బోల్ట్ కట్టర్, దవడ తెరిచి పట్టే స్ప్రెడర్, పొడవు కొలిచే బంప్ బోర్డు. బోల్ట్ కట్టర్ లేకుండా మస్కీకి వెళ్లకండి. అది చేప కోసం ఎంతో మీ వేలి కోసమూ అంతే. మూడు కొనల కొక్కెంలో ఒక కొన చేప దవడలో, ఇంకో కొన మీ చేతిలో దిగి, చేప ఒక్క విదిలింపు విదిలిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

పోలరైజ్డ్ కళ్లద్దాలు మరవకండి. వెంబడించే చేపను చూడలేకపోతే సగం వేట చీకట్లో చేసినట్టే. కొక్కేలను ఆకురాయితో పదును పెట్టి ఉంచండి. మస్కీ నోరు ఎముకే, కొత్త లూర్ కొక్కెం కూడా నేరుగా డబ్బా నుంచి తీసి వాడేంత పదునుగా ఉండదు.

ఎక్కడ వెతకాలి

సరస్సును చూసి గాభరా పడొద్దు. మస్కీని కాదు, దాని తిండిని వెతకండి. ఇక్కడ ఆ తిండిలో ముఖ్యమైనది టల్లిబీ. వెండి రంగు, ఒంటినిండా కొవ్వు, చల్లని నీళ్లను ఇష్టపడే చేప. తర్వాత సక్కర్లు, పెర్చ్‌లు. టల్లిబీ ఎక్కడుందో తెలిస్తే పెద్ద మస్కీ జాడ తెలిసినట్టే.

జూన్‌లో సీజన్ తెరిచేనాటికి చేపలు గుడ్లు పెట్టి అలసి ఉంటాయి. త్వరగా వేడెక్కే లోతు తక్కువ బేల్లో (ఒడ్డులోకి చొచ్చుకొచ్చిన నీళ్లలో), అప్పుడే మొలుస్తున్న నీటిమొక్కల దగ్గర ఉంటాయి. ఉత్తరపు బేల్లోనూ, దక్షిణాన ఐల్, కోవ్ బేల వైపూ పొద్దున్నే చిన్న లూర్లతో తిరగండి. ఈ నెలలో చిన్నదే మేలు.

జులై, ఆగస్టుల్లో నీటిమొక్కలు గోడలా పెరుగుతాయి. క్యాబేజ్ అని పిలిచే వెడల్పాకుల మొక్క కనబడితే అక్కడ ఆగండి. మొక్కల మధ్యలోకి కాదు, ఆ గోడ అంచు వెంబడి, ముఖ్యంగా అంచు లోపలికి మలుపు తిరిగిన చోటా, మొక్కలు బయటికి ముక్కులా పొడుచుకు వచ్చిన చోటా వేయండి. రాళ్లు, మొక్కలు కలిసే చోటు దొరికితే దాన్ని మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి, మళ్లీ మళ్లీ వెళ్లాల్సిన చోటది. ఇదే కాలంలో కొన్ని పెద్ద చేపలు అడుగుతో సంబంధం లేకుండా నడి సరస్సులో టల్లిబీ మందల కింద తేలుతూ తిరుగుతాయి. సోనార్‌లో మబ్బులా మంద కనబడి, దాని పక్కన పొడవాటి గీత కనబడితే వదలొద్దు.

సెప్టెంబరులో నీళ్లు చల్లబడుతుంటే చేపలు నీటిమొక్కలు వదిలి రాతి దిబ్బల వైపు జరుగుతాయి. పచ్చగా ఇంకా నిలిచి ఉన్న మొక్కల గుబురు దొరికితే మాత్రం దాన్ని వదలకండి. చుట్టుపక్కల మొక్కలన్నీ కుళ్లిపోయాక పచ్చని గుబురే చిన్న చేపలకు చివరి ఆశ్రయం.

నాకు ఇష్టమైనవి అక్టోబరు చివర, నవంబరు. వెళ్లేవాళ్లు తక్కువ, చలికి చేతులు కొంకర్లు పోతాయి, రాడ్ గైడ్లలో (లైన్ వెళ్లే రింగుల్లో) మంచు పేరుకుంటుంది. కానీ టల్లిబీలు గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ రాతి దిబ్బల మీదికి వచ్చేది అప్పుడే. ఏడాది పొడవునా సరస్సంతా చెల్లాచెదురైన కొవ్వు తిండి కొన్ని రాళ్ల చుట్టూ పోగవుతుంది. చలికాలం ముందు పొట్ట నింపుకోవాలనుకునే పెద్ద ఆడచేప ఇంకెక్కడికి పోతుంది? 2021 నాటి రికార్డు చేప నవంబరులోనే దొరికిందంటే వింతేం లేదు. ఆ నెలలో దిబ్బ పైభాగం మీద కన్నా దాని పక్కనున్న ఏటవాలు మీద, 8 నుంచి 20 అడుగుల లోతులో ఎక్కువసేపు గడపండి. ఆ చలిలో నీళ్లలో పడితే నిమిషాల్లో ఒళ్లు పనిచేయదు, లైఫ్ జాకెట్ తీయకండి, ఒంటరిగా వెళ్లకండి.

ఇంకో జాగ్రత్త. విశాలంగా ఉండి లోతు తక్కువైన సరస్సు కావడంతో గాలి లేస్తే అలలు త్వరగా, దగ్గరదగ్గరగా, నిటారుగా లేస్తాయి. గాలి తగిలే ఒడ్డున చిన్న చేపలు పోగై మస్కీలు చురుగ్గా ఉంటాయన్నది నిజమే. అయినా మీ పడవ తట్టుకోగలిగిన గాలి వరకే.

ఏ లూర్, ఎలా

పెట్టెలో నలభై లూర్లు అక్కర్లేదు. నాలుగు రకాలు, ఒక్కో దాంట్లో ఒకటి ముదురు రంగు, ఒకటి వెండి లేదా లేత రంగు చాలు.

బక్‌టెయిల్ స్పిన్నర్‌తో మొదలుపెట్టండి. రెండు పెద్ద రేకులు తిరుగుతూ వెనక కుచ్చు ఊగే లూర్ ఇది. విసిరి, చుట్టడమే పని, కాబట్టి కొత్తవాళ్లకు ఇదే గురువు. వేసవి నీళ్లలో వేగంగా చుట్టండి, చేయి నొప్పెట్టేంత వేగంగా. నీళ్లు చల్లబడిన కొద్దీ నెమ్మది. నీళ్ల పైన చప్పుడు చేసే టాప్‌వాటర్ లూర్ జులై సాయంత్రాలకు, రాత్రులకు. దీన్ని ఒకే వేగంతో చుట్టాలి. చేప వెనక అల లేపుకుంటూ వస్తున్నా సరే ఆపొద్దు, వేగం తగ్గించొద్దు. చేప కొట్టిన చప్పుడు వినగానే రాడ్ లాగొద్దు, బరువు తగిలాకే లాగండి. చాలాసార్లు అది మొదటి దెబ్బలో గురి తప్పుతుంది, లూర్ కదులుతూనే ఉంటే రెండోసారి కొడుతుంది.

సెప్టెంబరు నుంచి రబ్బరు లూర్లు. బుల్ డాగ్ లాంటివి. విసిరి, మునగనిచ్చి, రాడ్‌తో పక్కకి ఒక దూకుడు, మళ్లీ మునగనివ్వడం. మునిగేటప్పుడు లైన్ బిగువుగా ఉంచండి, ఎక్కువ దెబ్బలు అప్పుడే పడతాయి, వదులు లైన్‌లో అవి మీకు తెలియవు. నాలుగోది, పెద్ద క్రాంక్‌బెయిట్, లాగితే నీళ్లలోకి దిగి ఊగే చేప ఆకారపు లూర్. వెనక మోటారు పెట్టుకుని దిబ్బల అంచు వెంట గంటకు మూడు నాలుగు మైళ్ల వేగంతో లాగుతూ పోవడానికి. నవంబరులో ఇదే నన్ను కాపాడింది.

సైజు గురించి ఎక్కువమంది పడే భయం అనవసరం. పది, పన్నెండు అంగుళాల లూర్ చూసి ఇంత పెద్దదా అనుకుంటారు. 50 అంగుళాల చేపకు అది చిరుతిండి.

ఎప్పుడు

చంద్రుడి గురించి మస్కీ వేటగాళ్ల నమ్మకం ఎంత గట్టిదంటే, చంద్రోదయం వేళ చూసుకుని ఆఫీసుకు సెలవు పెట్టేవాళ్లున్నారు. ఆ నమ్మకం వెనక కొంత నిజం ఉంది. మస్కీస్ ఇంక్ అనే వేటగాళ్ల సంఘం 1966లో మొదలైంది. దాని సభ్యులు దశాబ్దాలుగా నమోదు చేసిన మూడు లక్షలకు పైగా చేపల వివరాలను 2014లో ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పున్నమి, అమావాస్యల చుట్టూ చేపలు ఎక్కువ దొరుకుతున్నాయని, రాత్రుళ్లు పున్నమికే మొగ్గు ఉందని తేలింది. కానీ తేడా మొత్తం మీద 5 శాతం దగ్గరే. పైగా మంచి తిథి అని ఆ రోజుల్లో వేటగాళ్లే ఎక్కువమంది వెళుతుండవచ్చని వాళ్లే చెప్పారు.

కాబట్టి తిథి చూసి సెలవు పెట్టకండి, కానీ సరస్సు మీద ఉన్న రోజున చంద్రోదయం, చంద్రాస్తమయం, సూర్యాస్తమయం ఎప్పుడో చూసుకుని ఆ వేళకు మీకు తెలిసిన మంచి చోట ఉండండి. నా అనుభవంలో వీటన్నిటికన్నా బలమైన సూచన వాతావరణం మారడం. మబ్బు పట్టి, గాలి తిరిగి, వాన రాబోతున్న ఆ అరగంట. ఉరుము వినబడితే మాత్రం ఒడ్డుకు వచ్చేయండి, చేతిలో ఉన్నది తొమ్మిది అడుగుల కార్బన్ కడ్డీ.

నీటి ఉష్ణోగ్రత 80 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే ఆ రోజు మస్కీకి వెళ్లొద్దు. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ. పోరాడి అలసిన చేప ఈదుకుంటూ వెళ్లిపోయినట్టే ఉంటుంది, తర్వాత ఎక్కడో చచ్చిపోతుంది. నేను 78 దగ్గరే ఆగిపోతాను.

ఫిగర్ ఎయిట్: ఆ చివరి ఆరడుగులు

ప్రతి కాస్ట్ చివరా లూర్‌ను నీళ్లలోనే ఉంచి, రాడ్ కొనతో ఎనిమిది అంకె గీయాలి. ప్రతి కాస్ట్‌కీ. చేప కనబడినా, కనబడకపోయినా. మసక నీళ్లలో, రాత్రిలో, లోతున వచ్చే చేప మీకు కనబడదు. మీరు దానికి కనబడుతూనే ఉంటారు.

పని కాస్ట్ చివర కాదు, మధ్యలోనే మొదలవుతుంది. లూర్ పడవకు పదిహేను అడుగుల దూరంలోకి వచ్చేసరికి వెనక నీళ్లలోకి, లూర్‌కు రెండు మూడడుగుల కిందికి చూడటం మొదలుపెట్టండి. మీరు వెతకాల్సింది చేపను కాదు, నీడను, తెల్లగా తెరుచుకునే నోటిని, ఒక్కోసారి రాగి రంగు మెరుపును. అదే సమయంలో రాడ్ కొనను నీళ్ల వైపు దించుతూ రండి.

లీడర్ రాడ్ కొన గైడ్‌లోకి ఎక్కేదాకా చుట్టకండి. కొనకీ లీడర్‌కీ మధ్య అడుగు లైన్ వదలండి. ఇప్పుడు రాడ్ కొనను నీళ్లలోకి గుచ్చి, ఆగకుండా, వేగం కొంచెం పెంచి, లూర్‌ను పక్కకి తిప్పండి. ఈ మొదటి మలుపే ముఖ్యం. చేపలు ఎక్కువగా కొట్టేది ఇక్కడే. నేరుగా పారిపోతున్న ఎర ఒక్కసారిగా పక్కకు తిరిగి తన ఒంటి పొడవంతా చూపిస్తుంది, వేటాడే చేపకు అదే అదను.

మలుపు విశాలంగా ఉండాలి. 50 అంగుళాల చేప ఒళ్లు బిగుసుకుని తిరగలేదు, మలుపు ఇరుకైతే లూర్ దాని వెనక్కి పోతుంది, చేప విసుగెత్తి వెళ్లిపోతుంది. చేయి మొత్తం చాచి, మోకాళ్లు వంచి, నడుం నుంచి తిప్పండి. పొడవు రాడ్ కావాలన్నది ఇందుకే. తిన్నటి భాగాల్లో కొన నీళ్లలోకి మూడు నాలుగు అడుగుల లోతున ఉంచి వేగంగా లాగండి, బయటివైపు మలుపులో లూర్‌ను పైకి రానివ్వండి, పడవ వైపు మళ్లీ లోతుకు. లోతు మారడం కూడా దాన్ని రెచ్చగొడుతుంది.

చేప వెనక కనబడిందనుకోండి, గుండె దడదడలాడుతుంది, చేయి ఆగిపోతుంది. నాకు ఇప్పటికీ అదే జరుగుతుంది. ఆ క్షణాన చేయాల్సిన పని ఒక్కటే: ఆపొద్దు. వేగం తగ్గితే అది చచ్చిన కర్ర అని దానికి తెలిసిపోతుంది. తొలి చుట్టులో తీసుకోకపోతే ఆగకుండా తిప్పుతూనే ఉండండి. ఎనిమిదో చుట్టులో కొట్టిన చేపలున్నాయి. అది పడవ కిందికి దిగిపోతే ఇంకో మూడు చుట్లు తిప్పండి, తిరిగి వచ్చేవీ ఉంటాయి.

కనబడిన చేప వెళ్లిపోతే దాని మీద గంటసేపు పడకండి. ఎక్కడ నుంచి వచ్చింది, ఎంత ఉత్సాహంగా వచ్చింది అన్నది గుర్తు పెట్టుకుని వేరే చోటికి వెళ్లండి. సూర్యాస్తమయానికో, చంద్రోదయానికో, గాలి మారినప్పుడో మళ్లీ రండి. అదే రాతి పక్కన, అదే చేప, ఈసారి వేరే ఆకలితో ఉంటుంది. మా బావమరిది తన తొలి 50 అంగుళాల చేపను అలాగే పట్టాడు. మధ్యాహ్నం రెండుసార్లు వెంబడించి వెళ్లిపోయినది, చీకటి పడే వేళకు రబ్బరు లూర్‌ను మొదటి మలుపులోనే తీసుకుంది.

దెబ్బ పడ్డాక

దూరంగా కొడితే రాడ్‌ను పక్కకి, గట్టిగా, ఒక్క ఊపున లాగండి. పైకి కాదు. పైకి లాగితే లూర్ చేప నోట్లోంచి జారిపోయే అవకాశం ఎక్కువ. పడవ పక్కన కొడితే రాడ్ కొన నీళ్లలోనే ఉంచి, చేప వెళ్లే దిశకు ఎదురుగా లాగి, బిగువు వదలకండి. డ్రాగ్ (చేప లాగినప్పుడు లైన్ జారకుండా రీల్ పట్టే బిగువు) గట్టిగానే పెట్టుకోండి, చేప లోతుకు దూకితే మాత్రం స్పూల్ మీద బొటనవేలితో లైన్ వదలడానికి సిద్ధంగా ఉండండి. తల పైకి వచ్చి విదిలిస్తుంటే రాడ్ కొన మళ్లీ నీళ్లలోకి దించితే అది గెంతకుండా ఉంటుంది.

పోరాటాన్ని ఆస్వాదించాలని సాగదీయకండి. మందపు లైన్, బలమైన రాడ్ పెట్టింది త్వరగా ముగించడానికే. వల వేసేవాళ్లు చేప తల వైపు నుంచి వేయాలి, తోక వైపు నుంచి తరమకూడదు. పడవలో ఉన్న అందరికీ ఈ సంగతి పొద్దున్నే చెప్పండి, చేప వచ్చాక అరిచి ప్రయోజనం లేదు.

వలలో రెండు నిమిషాలు

చేప వలలో పడగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు, ఫోన్లు తీస్తారు. ఆపండి. ఇక్కడి నుంచి అసలు పని.

వల నీళ్లలోనే, చేప తల పూర్తిగా మునిగి ఉండేలా పట్టుకోండి. పట్టకారు, కట్టర్ చేతికి అందేలా ముందే పెట్టి ఉండాలి. కొక్కెం కనబడి సులువుగా వస్తే తీయండి. రాకపోతే రెండో ప్రయత్నం వద్దు, కట్టర్‌తో కొక్కెం కోసేయండి. కొక్కెం ఖరీదు మళ్లీ కొనుక్కునేంతే. మొప్పల దగ్గర దిగినదైతే అసలు ఆలోచించకుండా కోయండి.

ఇప్పుడు ఫొటో. కెమెరా పట్టుకున్నవాళ్లు సిద్ధమయ్యాకే చేపను ఎత్తాలి. ఎడమచేతి వేళ్లను మొప్ప కప్పు కిందుగా, మొప్పలకు తగలకుండా, దవడ ముందుకు జరిపి పట్టుకోండి. కుడిచేయి పొట్ట కింద. చేప అడ్డంగా ఉండాలి. తల పట్టుకుని నిలువుగా వేలాడదీస్తే ఇరవై, ముప్ఫై పౌండ్ల బరువంతా వెన్ను మీదా, దవడ మీదా పడి లోపల దెబ్బతింటుంది. నీళ్ల బయట ఇరవై సెకన్లు. మీ ఊపిరి బిగబట్టండి, మీకు గాలి కావాలనిపించేసరికి దానికి నీళ్లు కావాలి. ఒకటి రెండు ఫొటోలు, బోర్డు మీద పొడవు, మళ్లీ వలలోకి.

బరువు తెలుసుకోవాలంటే తూకం వేయక్కర్లేదు. చేప చుట్టుకొలతను దానితోనే హెచ్చవేసి, వచ్చినదాన్ని పొడవుతో హెచ్చవేసి, 800తో భాగించండి. 50 అంగుళాల పొడవు, 22 అంగుళాల చుట్టుకొలత ఉంటే సుమారు 30 పౌండ్లు. అంచనాయే, కానీ చాలు.

వదిలేటప్పుడు తోక మొదట పట్టుకుని, నిటారుగా, నీళ్లలో కదలకుండా ఉంచండి. ముందుకీ వెనక్కీ కుదిపితే మొప్పల్లోకి నీళ్లు ఎదురు తిరుగుతాయి, మేలు కన్నా కీడే ఎక్కువ. మొప్పలు క్రమంగా కొట్టుకుంటాయి, కళ్లు కిందికి తిరుగుతాయి, తోకలో బలం వస్తుంది. దానంతటది మీ చేతిని విదిలించుకుని వెళ్లేదాకా ఉండండి, పది నిమిషాలైనా సరే. వెళ్లాక వెంటనే మోటారు వేయకండి. పక్కకు ఒరిగి పైకి తేలుతుందేమో కాసేపు చూడండి. తేలితే మళ్లీ తోక పట్టుకోండి.

ఒడ్డుకు వచ్చాక

మిల్ లాక్స్‌లో జీబ్రా మస్సెల్ అనే పరాయి ఆల్చిప్పలు 2005లో బయటపడ్డాయి. ఆ సరస్సు నుంచి ఇంకో సరస్సుకు మీరు వాటిని మోసుకెళ్లకూడదు. పడవ దించే ర్యాంప్ దాటకముందే పడవ అడుగు బిరడా తీసి నీళ్లన్నీ వంచేయండి, ట్రెయిలర్‌కు చుట్టుకున్న నీటిమొక్కలు తీసేయండి, ఇంటికి వెళ్లాక ఆరబెట్టండి. బిరడా పెట్టుకుని రోడ్డెక్కడం మిన్నెసోటాలో చట్టవిరుద్ధం కూడా.

తర్వాత కారులో కూర్చుని, చేతులు కాస్త వెచ్చబడ్డాక, ఆ రోజు వివరాలు రాసుకోండి. తేదీ, వేళ, నీటి ఉష్ణోగ్రత, గాలి దిశ, లోతు, లూర్, చేప ఎక్కడి నుంచి వచ్చింది, ఏ మలుపులో వెనుదిరిగింది. పట్టినవే కాదు, వెంబడించి వెళ్లినవన్నీ. నా పుస్తకంలో ఆ రెండో వేసవి సాయంత్రం పేజీ కూడా ఉంది: రాతి దిబ్బ పడమటి అంచు, 11 అడుగులు, 71 డిగ్రీలు, దక్షిణ గాలి. మరుసటి ఏడాది అవే రోజుల్లో, అదే గాలికి అక్కడికి వెళ్లి, ఈసారి రాడ్ కొన నీళ్లలోనే ఉంచాను. 51 అంగుళాలు.